తదితరుల్లో ఒకడు

జిల్లా పేపర్లో ఏ సభ వార్త చదివినా చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి మల్లికార్జున సార్‌కు ఒళ్ళు మండిపోయేది. ‘తదితరులు పాల్గొన్నారు.’ ఎవరండీ ఈ తదితరులు? పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మూడు గంటలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, అందరి ఉపన్యాసాలూ భరించి వచ్చినవాళ్ళకు తల్లిదండ్రులు పేర్లు పెట్టలేదా?

“మీరు పోయిన సభ కాదు, మీకు తెలిసినోళ్ళు కాదు. మీకెందుకంత కోపం?” అనేది భార్య సునంద.

“నీకు తెల్దులేమ్మే” అని పేపరు మడిచి అవతల పడేసేవాడు.

ఆమెకు తెలియకేం, కంఠతా వచ్చు. పాతికేళ్ళుగా ఆ ఇంట్లో పొయ్యి వెలగని రోజైనా ఉందేమో గానీ ఆ పాట వినపడని వారం లేదు. అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై నాలుగేళ్ళు ఎకనామిక్స్ పాఠం చెప్పి నిరుడు రిటైరైన ఆవుల మల్లికార్జున, ప్రపంచమంతా ఎరిగిన ఒక వ్యాసం రాసినవాళ్ళలో ఒకడు. ఆ సంగతి మాత్రం ప్రపంచానికి తెలియదు. కరువు నేలల్లో వాన నమ్ముకుని సేద్యం చేసేవాళ్ళ గురించి ఏ దేశంలో ఎవరు పరిశోధన చేసినా ఆ వ్యాసం పేరెత్తక తప్పదు. ఎత్తినవాళ్ళంతా ఒకే తీరుగా ఎత్తుతారు: ‘బుక్కపట్నం ఎట్ ఆల్’. అంటే బుక్కపట్నం, తదితరులు.

బుక్కపట్నం అంటే ఓబిలేష్. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట పుట్టి, కాలేజీ హాస్టల్లో మల్లికార్జున పక్క మంచంలో పడుకుని, ఆయన నోట్సు చూసి పరీక్షలు రాసినవాడు. తదితరులు ఇద్దరు. ఒకరు నార్వే నుంచి వచ్చిన ప్రొఫెసర్ గ్రావ్‌దాల్. రెండో తదితరుడు మన సార్.

ఇందులో ఎవరి కుట్రా లేదని ఎకనామిక్స్ వాళ్ళు ఎవరిని అడిగినా చెబుతారు. వేరే శాస్త్రాల్లో ఎక్కువ పని చేసినవాళ్ళ పేరు ముందు వేస్తారు. ఆ ఎక్కువ ఎవరిదో తేల్చుకోలేక కొట్టుకు చస్తారు. ఎకనామిస్టులు ఆ తగువు మనకెందుకని ఇంగ్లీషు అక్షరాల వరసకు వదిలేశారు. దేశాలు దాటి కలిసి రాయడం మొదలైన నాటి నుంచి నార్వే వాడైనా, మన సార్ సొంతూరి పక్క తనకల్లు వాడైనా, నోబెల్ వచ్చినవాడైనా, నెలజీతం రానివాడైనా అక్షరం ముందు అందరూ ఒకటే. బి ముందు, తర్వాత జి, ఆ తర్వాత ఎమ్. బుక్కపట్నం, గ్రావ్‌దాల్, మల్లికార్జున.

“వానికి ఇంటిపేరు, నాకు సొంతపేరా? నాకూ ఇంటిపేరు పెట్టింటే ఆవుల కదా! ‘ఏ’ అక్షరం కదా! ‘బి’ కన్నా ముందు ‘ఏ’ రాదా?” అనేవాడు మల్లికార్జున, అన్నం కలుపుకుంటూ. “ఆ పొద్దు పోస్టాఫీసు ఎదురుగ్గా టీ కొట్టులో కూర్చుని, వ్యాసానికని నార్వే నుంచి వచ్చిన మా ఇద్దురి ఫారాలూ నింపిందెవరు? వాడే. వాని పేరు ఎట్ల రాసుకోవల్లో తెలిసినోనికి నా పేరు ఎట్ల రాయల్లో తెల్దా?”

“పులుసు చల్లారిపోతాండాది” అనేది సునంద.

పేరు ఒక్కటే పోయుంటే ఎలాగో ఓర్చుకునేవాడేమో. ఆ వ్యాసానికి ప్రాణమైన మాట కూడా తన ఇంటిదే. తొంభై ఎనిమిదిలో గ్రావ్‌దాల్ ఒక పెట్టెడు ప్రశ్నపత్రాలతో దిగాడు. అంతకుముందు వచ్చిన దొరలు ఇక్కడి లెక్చరర్లను వెంట తిప్పుకుని, అంకెలు పట్టుకుపోయి, పుస్తకం అడుగున చీమలంత అక్షరాల్లో కృతజ్ఞతలు చెప్పి చేతులు దులుపుకున్నారు. గ్రావ్‌దాల్ అలాంటివాడు కాదు. మీరు పని చేస్తే మీ పేర్లు పైనే ఉంటాయి అన్నాడు. మల్లికార్జున ఆయన్ను నేరుగా తనకల్లు దగ్గర తన ఊరికే తీసుకుపోయాడు. ప్రశ్నపత్రంలో మొదటి ప్రశ్న: ఎన్ని మిల్లీమీటర్ల వాన కురిస్తే వేరుశనగ విత్తుతారు? అడిగింది మల్లికార్జున తండ్రి పెద్దన్ననే. ఆయన వక్క నమిలి పక్కకు ఉమ్మి, “మిల్లీమీటరు మాకేం తెలుసప్పా! మట్టిలోకి చెయ్యి దించి చూస్తాము. మణికట్టు దాకా పదనుంటే ఇత్తుతాము. చేతి ఏళ్ళ దాకానే ఉంటే ఇంకో వాన కోసం కాచుకుంటాము” అన్నాడు.

గ్రావ్‌దాల్ ఆ మాట మూడుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు. ప్రశ్నపత్రాలు పెట్టెలోనే ఉండిపోయాయి. రెండేళ్ళు ముగ్గురూ జీపులో ఊరూరా తిరిగి, నలభై చేలల్లో రైతుల చేతులు మట్టిలో దించి పదను, అంటే తడి, ఎంత లోతుందో కొలిచారు. సర్కారు వానలెక్క తప్పిన చోటల్లా రైతు చెయ్యి నిజం చెప్పిందని తేలింది. మల్లికార్జున రైతులతో మాట్లాడి మాట్లాడి, జీపెక్కగానే నిద్రలో పడేవాడు. ఓబిలేష్ ముందు సీట్లో కూర్చుని దొరతో కబుర్లు చెప్పేవాడు.

ఇవాళ ఆ పదనును ప్రపంచమంతా ఏమంటుంది? ‘బుక్కపట్నం కొలత’ అంటుంది. చెయ్యి నాయనది, మట్టి మా ఊరిది, పేరు ధర్మవరపోనిది. ఆ మాట అనుకున్నప్పుడల్లా మల్లికార్జునకు అన్నం సయించేది కాదు.

వ్యాసం అచ్చైన ఏడాదే, టెంపరరీ లెక్చరరుగా రేపో మాపో ఇంటికి పోవాల్సిన ఓబిలేష్‌ను యూనివర్సిటీ వాళ్ళు పిలిచి ఉద్యోగమిచ్చారు. తర్వాత నార్వే పోయాడు, ఢిల్లీ పోయాడు, బ్రెజిల్ కూడా పోయాడు. పోయిన చోటల్లా శాలువా. వచ్చాక ఊళ్ళో ఇంకో శాలువా. ఆ సభలకు మల్లికార్జున తప్పకుండా పోయేవాడు. పోకపోతే కుళ్ళు అంటారు, పోతే కుళ్ళిపోతాడు. అన్నిటికన్నా ఘోరం, మైకు ముందు ఓబిలేష్ ప్రతిసారీ గొంతు వణికిస్తూ ఒక మాట అనేవాడు: “నేనీ మాత్రం ఉండానంటే ఆ పొద్దు మా మల్లి నాకు ఇడిచిపెట్టిన చోటే.” అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. కొట్టేసింది చాలక ఎత్తిపొడుస్తున్నాడు చూడు అని మల్లికార్జున లోపల పళ్ళు నూరుకుంటూ పైకి నవ్వేవాడు.

ఆయన చేతనైన ప్రతీకారాలు ఆయన తీర్చుకున్నాడు లెండి. ఓబిలేష్ నంబరును ఫోన్‌లో దాచుకునేటప్పుడు పేరు ముందు ఒక ‘జెడ్’ తగిలించాడు. నూట తొంభై పేర్లలో అట్టడుగున, గ్యాస్ ఏజెన్సీ కన్నా, ప్లంబరు కన్నా కింద పడి ఉంటుంది ఆ ప్రపంచ ప్రఖ్యాతుడి పేరు. ప్రతి ఆదివారం పొద్దున ఆ ‘జెడ్ ఓబిలేష్’ స్కూటరు మీద వచ్చి, సునంద చేసిన బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తిని, రెండు గంటలు కబుర్లు చెప్పి పోయేవాడు. పాతికేళ్ళలో తప్పింది తక్కువ.

ఇలా ఉండగా ఫిబ్రవరిలో ఒక ఫోన్ వచ్చింది. అమ్మాయి పేరు ఆశ్రిత. ఊరు చిలమత్తూరు, బెంగళూరులో పీహెచ్‌డీ. వేర్వేరు దేశాల ఎకనామిస్టులు కలిసి పని చేయడం ఎప్పుడు మొదలైంది, ఎలా పెరిగింది, అందులో ఎవరికి పేరొచ్చింది, ఎవరికి రాలేదు, అదీ ఆమె రాస్తున్న చరిత్ర. అందులో ఒక అధ్యాయం తనకల్లు సర్వే మీద. గ్రావ్‌దాల్ పోయాక ఆయన కాగితాలన్నీ నార్వేలో ఒక లైబ్రరీకి ఇచ్చారనీ, వాటి ఫొటోలు తెప్పించుకున్నాననీ, వచ్చే ఆదివారం ఓబిలేష్ సార్‌తో కలిసి మీ ఇంటికే వస్తాననీ చెప్పింది.

ఎవరికి రాలేదు! ఆ ఒక్క మాటకు మల్లికార్జున పదేళ్ళు చిన్నవాడైపోయాడు. ఇన్నాళ్ళకు ఒకరు అడిగారు. ఓబిలేష్ ఎదుటే, రికార్డు అవుతుండగా, చరిత్రకెక్కేలా చెప్పొచ్చు. ఆ వారమంతా కూర్చుని నాలుగు పేజీల అభియోగపత్రం తయారు చేశాడు. మొత్తం పదకొండు అంశాలు. మొదటిది ఫారాల మోసం. అయిదోది, ఢిల్లీ సభలో పదను మాట ఎక్కడిదని అడిగితే పెద్దన్న పేరు చెప్పకపోవడం. రాసింది పచ్చ ఇంకుతో. ప్రిన్సిపాళ్ళు సంతకాలు పెట్టే ఇంకు అది. ఆయన ప్రిన్సిపాలు కాలేదు గానీ, ఉద్యోగంలో చేరిన రోజునుంచీ జేబులో పచ్చ ఇంకు పెన్నే.

“నలభై ఏండ్ల స్నేహం ఏమండీ” అంది సునంద, ఆ కాగితాలు చూసి.

“స్నేహమని తెలిసే మోసం చేసినాడు. నేను ముందు మాట్లాడతా. వాడు నోరు తెరిచేలోపల నాది అయిపోవల్ల” అన్నాడు. కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం ఎనిమిదిన్నరకు ఇద్దరూ వచ్చారు. ఆశ్రిత సన్నగా, చురుగ్గా ఉంది. భుజాన పెద్ద సంచీ. బెంగళూరులో చదివినా మాట మాత్రం మన వైపుదే. సునంద ప్లేట్లలో ఉగ్గాని పెట్టి, పొగలు కక్కే మిరపకాయ బజ్జీలు తెచ్చి మధ్యలో పెట్టింది.

“ముందు ఈ ఫారం సార్. మీరు ఒప్పుకొని మాట్లాడతాండారని” అంటూ ఆశ్రిత ఒక కాగితం ఇచ్చింది. లాస్ట్ నేమ్, ఫస్ట్ నేమ్ అని రెండు గళ్ళు. మల్లికార్జున పెన్ను తీసి లాస్ట్ నేమ్ దగ్గర ‘ఆవుల’ అని పెద్ద అక్షరాలతో, ఓబిలేష్‌కు కనబడేలా రాశాడు.

ఓబిలేష్ తొంగి చూసి పకపకా నవ్వాడు. “ఏమప్పా ఆవులా! ఇప్పుడు రాసినావా ఇంటిపేరు!”

హాస్టల్ రోజుల పిలుపు అది. మల్లికార్జునకు ఆ నవ్వు కాల్చి వాత పెట్టినట్టయింది. కానీ వాడి టైము దగ్గరపడింది అనుకుని ఊరుకున్నాడు.

ఆశ్రిత ఫోన్‌లో రికార్డరు నొక్కి బల్ల మీద పెట్టింది. “సార్, నాది మొట్టమొదటి ప్రశ్న. ఆ వ్యాసంలో పేర్ల వరస ఎట్ల వచ్చింది?”

మల్లికార్జున గొంతు సవరించుకున్నాడు. జేబులోకి చెయ్యి పోయింది. కాగితం మడత విప్పేలోపల ఓబిలేష్ నోట్లో బజ్జీ మింగేసి, “అది నేను చెప్పల్ల పాపా. ఆయప్ప చెప్పడు” అన్నాడు. ఇక్కడా వాడే ముందు!

“జీపులో పోతాంటే ఒకనాడు దొర నాకు చెప్పినాడు, మా పేర్లు అక్షరాల వరసలో వస్తాయని, లాస్ట్ నేమ్ అంటే ఇంటిపేరని. మల్లి వెనక సీట్లోనే ఉండె. సరే, ఫారాలొచ్చినాయి. టీ కొట్టులో కూర్చుని నేనే నింపితి. మల్లిది ‘ఆవుల’ అని రాస్తి, నాది ‘బుక్కపట్నం’ అని రాస్తి. ఆవుల ముందు. అదే న్యాయం కదా, ఊరు ఆయప్పది, మాట వాళ్ళ నాయనది. నింపి ఆయప్ప చేతికిచ్చి, చూసి కవర్లో పెట్టమని నేను స్టాంపులకు పోతి. వచ్చి కవరు అంటించబోతాంటే చూస్తి. ఈ మహానుభావుడు ‘ఆవుల’ కొట్టేసి ‘మల్లికార్జున’ అని రాసుకోనుండాడు. ఎనక్కి పోయినాడు. నన్ను ముందు పెట్టినాడు.”

ఓబిలేష్ కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. “అప్పుడు నా ఉద్యోగం పోయే కతలో ఉండె. అది ఆయప్పకు తెలుసు. నోరు తెరిచి అడిగితే సిగ్గుపడతాడని నేనూ అడగలే, ఆయప్పా చెప్పలే. సభల్లో అంటానే ఉంటా గానీ, నీ పుస్తకంలో గట్టిగా రాయి పాపా.”

“దాని ఫొటో కూడా ఉండాది సార్” అంటూ ఆశ్రిత సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి తెరిచింది. పాతబడిన ఫారం. ఓబిలేష్ గుండ్రటి రాత, నీలం ఇంకు: లాస్ట్ నేమ్, ఆవుల. దాని మీద అడ్డంగా ఒక గీత. పక్కన ‘మల్లికార్జున’. గీతా పచ్చటిదే, పేరూ పచ్చటిదే. “ఈ పచ్చ ఇంకు ఎవురిదా అని నెల రోజుల నుంచి చూస్తాండా సార్. ఇప్పుడు మీ పెన్ను చూస్తానే తెలిసిపాయ.”

మల్లికార్జున ఆ గీతను చూస్తూ ఉండిపోయాడు. అయిదు క్షణాల పని, పాతికేళ్ళు మరిచిపోయిన పని, మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. టీ గ్లాసు, ఈగలు, చేతిలో ఫారం. లాస్ట్ నేమ్ అంటే పేరులో చివర వచ్చేదే కదా అనుకున్నాడు. ఆవుల మల్లికార్జునలో చివర వచ్చేది మల్లికార్జున. మరి వీడు ‘ఆవుల’ అని రాశాడెందుకు? హాస్టల్లో చాలక, ఆవులప్ప, ఆవులోడు అని నార్వే దాకా నవ్విస్తాడా? కోపం నషాళానికెక్కి, పెన్ను తీసి బర్రున కొట్టేశాడు. అంతే జరిగింది. ఆ జీపులో లాస్ట్ నేమ్ సంగతి చెబుతున్నప్పుడు తాను గుర్రు పెడుతున్నాడు.

“చరిత్రలో ఇది చాలా అరుదు సార్” అంటోంది ఆశ్రిత. “వరసలో ముందు రావాలని పేర్లు మార్చుకున్నోళ్ళు ఉండారు. విడిపోయినోళ్ళు ఉండారు. పక్కోని కోసం ఎనక్కి జరిగినోళ్ళు నాకు యాడా దొరకలే. నా అధ్యాయం మీతోనే మొదలు పెడతా. ఇది నిజమేనని మీరు ఒక్క మాట అంటే చాలు.”

ఒక్క మాట చాలు. తల ఊపినా చాలు. పాతికేళ్ళు ఏడ్చింది దేనికి? పేరు కోసమే కదా! ఇదిగో, ప్లేట్లో పెట్టి ఇస్తున్నారు. అధ్యాయం మొదట్లోనే ఆవుల మల్లికార్జున, త్యాగమూర్తి. సునంద వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన జేబు వైపే చూస్తోంది. ఆ జేబులో ఏముందో ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు.

మల్లికార్జున ఓబిలేష్ మొహం చూశాడు. కండువా ఇంకా చేతిలోనే ఉంది. కళ్ళు తడి. ఆ మొహంలో కల్లాకపటం వెతికాడు, దొరకలేదు. అంటే ఆ రోజు తనను ముందు పెట్టింది వీడు. పెట్టి, చెప్పుకోలేదు కూడా. ఇన్నేళ్ళూ సభల్లో అన్నది ఎత్తిపొడుపు కాదు. ఇప్పుడు ఈ మంచితనం కూడా వీడు ఇస్తేనే తనది. చేయని త్యాగానికి వీడి చేతిమీదుగా శాలువా కప్పించుకోవాలి. మంచితనంలో కూడా వీడే ముందు, తాను తదితరుడు! కడుపులో ఇంత మంట ఎన్నడూ లేచి ఉండదు. నిజాయితీ కొద్దీ చెప్పాడని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ మంట ఓర్చుకోలేక చెప్పాడు.

“అబద్ధం” అన్నాడు.

“ఏంది సార్?”

“నేను ఎవురికోసరమూ ఎనక్కి పోలే. లాస్ట్ నేమ్ అంటే ఏందో నాకు తెల్దు. తెలిసింటే సచ్చినా కొట్టేసేవాణ్ణి కాదు. ఈయప్ప నన్ను ఆవులోడని ఎగతాళి చేస్తాండాడనుకొని కొట్టేసినా. పేపరు అచ్చయినాక నా పేరు ఎనక చూసి, వీడే మోసం చేసినాడనుకుంటి. నిన్న దాకా అదే అనుకుంటాండా. ఈ పొద్దు నీకు చెప్పాలని రాసి కూడా పెట్టినా.” జేబులోంచి నాలుగు పేజీలూ తీసి బల్ల మీద పెట్టాడు. “రాసుకో. ఇదీ చరిత్రే.”

ఆశ్రిత చెయ్యి చాచలేదు. ఓబిలేష్ తీసుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చదివాడు. బజ్జీలు చల్లారిపోయాయి. పక్కింటి కుక్కరు నాలుగు కూతలు కూసింది. ఒక్కో పేజీ చదివి బోర్లించి పెడుతూ, నాలుగోది అయ్యాక కళ్ళజోడు తీశాడు.

“అయిదోది నిజమప్పా” అన్నాడు మెల్లగా. “ఢిల్లీలో మీ నాయన పేరు చెప్పకపోతిని. చెప్పల్లనే అనుకుంటి. అంతమంది నన్నే చూస్తాంటే, ఆ మాట నాదే అన్నట్లు చూస్తాంటే, నోరు రాలే. బాగుండె ఆ చూడడం.” కాగితాలు బల్ల మీదికి తోసి, “తక్కిన పదీ అబద్ధం” అన్నాడు.

మల్లికార్జున చల్లారిన బజ్జీల ప్లేటు పక్కకు జరిపాడు.

“ఆదివారం ఆదివారం నేనొచ్చి ఈడ కూర్చున్నెప్పుడల్లా ఇదేనా నీ మనసులో?”

“అన్ని ఆదివారాలూ కాదు” అన్నాడు మల్లికార్జున.

ఓబిలేష్ లేచి కండువా భుజాన వేసుకున్నాడు. “ఉగ్గాని బాగుండె వదినా” అని సునందకు చెప్పి చెప్పులేసుకున్నాడు. స్కూటరు రెండు తన్నులకు గానీ స్టార్ట్ కాలేదు. మల్లికార్జున గేటు దాకా వెళ్ళాడు గానీ ఓబిలేష్ తలెత్తి చూడలేదు. ఆశ్రిత రికార్డరు ఆపి, ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని, సునంద దగ్గర మాత్రం సెలవు తీసుకుని ఆటో ఎక్కింది.

తర్వాతి ఆదివారం సునంద బజ్జీల పిండి కలిపి తొమ్మిదిన్నర దాకా చూసింది. ఎవరూ రాలేదు. ఆ పై ఆదివారం కలపలేదు. మల్లికార్జున రెండుసార్లు యూనివర్సిటీ రోడ్డు వైపు నడకకు పోయి, ఓబిలేష్ ఇంటి మలుపు దాకా వెళ్ళి, మందుల షాపులో అక్కర్లేని బిళ్ళలు కొనుక్కుని వెనక్కి వచ్చాడు. వేసవి గడిచింది. జూన్ వానలు మొహం చాటేశాయి. జూలైలో ఒక వాన పడింది. వేళ్ళ దాకా మాత్రమే పదనైందని ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అలాంటి కబురు వస్తే మొదట ఓబిలేష్‌కే చెప్పేవాడు. ఈసారి చెప్పడానికి ఎవరూ లేరు.

ఆగస్టులో ఆశ్రిత తన అధ్యాయం ఇద్దరికీ పంపింది. అచ్చుకు పోయే ముందు ఒకసారి చూడమంది. మల్లికార్జున క్లాక్ టవర్ దగ్గర షాపులో ప్రింటు తీయించి, ఇంటి దాకా ఆగలేక అక్కడే మెట్ల మీద కూర్చుని చదివాడు. మొదటి వాక్యంలో మనిషి పేరు పెద్దన్న. తనకల్లు రైతు, మట్టిలో చెయ్యి దించి పదను చూసే కొలత చెప్పినవాడు. ఆ సంగతి ఓబిలేష్ తనకు తానుగా ఉత్తరం రాసి పంపాడని అడుగున ఉంది. రెండో పేరాలో ఇలా ఉంది: ‘ఈ వ్యాసం రాసినవాళ్ళు ఆవుల, బుక్కపట్నం, గ్రావ్‌దాల్. అచ్చులో వరస తారుమారైంది. ఒక ఫారంలో ఒక మాటను ఒకరు ఒకలాగా, ఇంకొకరు ఇంకొకలాగా అర్థం చేసుకోవడం అందుకు కారణం. ఈ పుస్తకంలో సరైన వరసే వాడుతున్నాను.’ త్యాగం లేదు, మోసం లేదు. ఆ నాలుగు పేజీల ఊసే లేదు. ఆ తర్వాత అధ్యాయమంతా, పేజీకి మూడు నాలుగు చోట్ల, ఒకటే మాట: ‘ఆవుల ఎట్ ఆల్’.

ఆవుల, తదితరులు. పాతికేళ్ళు కలలో చూసిన అక్షరాలు. మల్లికార్జున వాటి మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాడు. పద్నాలుగు చోట్ల ఉంది. పద్నాలుగో చోటుకు వచ్చేసరికి, ఆ తదితరుల్లో ఎవరున్నారో గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ తాను ఉన్న చోట ఇప్పుడు వాడున్నాడు. ఉన్నాడని ఎవరికీ కనపడడు. సంతోషం వస్తుందేమోనని కాసేపు కూర్చున్నాడు. రాలేదు.

ఫోన్ తీశాడు. వేలితో పేర్లు పైకి తోసుకుంటూ పోయాడు. బ్యాంకు, చెల్లెలి కోడలు, కాలేజీ అటెండరు, పాల మనిషి, ప్లంబరు. వాడు కిందెక్కడో ఉన్నాడు. ఎంత తోసినా రాడు. ఇంత అడుక్కి నెట్టిందెవడని విసుక్కున్నాడు. తానే అని గుర్తొచ్చి సిగ్గేసింది. చివరికి దొరికాడు. ముందు ఆ ‘జెడ్’ చెరిపేశాడు. చెరపగానే పేరు మాయమై మళ్ళీ ‘ఓ’ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. మళ్ళీ వెతుక్కుని నొక్కాడు.

చాలాసేపు మోగింది. ఇక ఎత్తడనుకుని తీసేయబోతుండగా అవతల గొంతు వినపడింది.

“ఏమప్పా ఆవులా” అన్నాడు ఓబిలేష్. నవ్వు లేదు, కోపమూ లేదు. “ముందుకొచ్చినావంట కదా. ఎట్లుండాది ఆడ?”

మల్లికార్జున రోడ్డు మీద సిటీ బస్సు హారను కొట్టుకుంటూ పోయేదాకా ఆగాడు.

“ఒంటిగా ఉండాదప్పా” అన్నాడు ఆవుల. “ఆదివారం రా.”